కమ్యూనిటీ హాలు తాళంచెవి గురించి ఒక విన్నపం

సంపాదకుల వారికి,

నమస్కారం. ఏటా డిసెంబరు 3న ప్రపంచ దివ్యాంగుల దినోత్సవం జరుగుతుంది. ఆ మర్నాడు పత్రికల జిల్లా పేజీల్లో మూడు చక్రాల బండ్లు, వినికిడి యంత్రాలు పంచుతున్న ఫొటోలు వస్తాయి. అవి అవసరమైన వస్తువులే, పంచినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అయితే కాళ్లూ చేతులూ బాగానే ఉండి, లెక్క మాత్రం తెలియక, ఒంటరిగా రోడ్డు దాటలేక, పొద్దున లేచాక ఎక్కడికి వెళ్లాలో తోచక గుమ్మంలో నిలబడే నడివయసు మనిషికి ఆ వేదిక మీద ఇవ్వడానికి ఏమీ ఉండదు. అలాంటి మనిషి మా ఇంట్లో ఉన్నాడు. అతను నా తమ్ముడు. డౌన్ సిండ్రోమ్‌తో, అంటే మేధో వైకల్యం తెచ్చే జన్యు స్థితితో పుట్టాడు, నలభై దాటాయి. అలాంటి పెద్దవాళ్ల కోసం మా కాలనీ కమ్యూనిటీ హాలును పగటి పూట తెరిపించమని అడగడానికే ఈ ఉత్తరం. ఇంట్లో అందరం ఇప్పటికీ చిన్నోడా అనే పిలుస్తాం. గడ్డం నెరిసిన మనిషిని అలా పిలవడం సరికాదని నాకు తెలుసు, కానీ నోటికి మరో పిలుపు రావడం లేదు.

అతను పుట్టింది 1984లో. సికింద్రాబాద్ బోయినపల్లి మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ ఏర్పడింది కూడా ఆ ఏడాదే. అప్పట్లో దానిని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ అనేవారు. ఇప్పుడు మేధో వైకల్యం గల వ్యక్తుల సాధికారత సంస్థగా పేరు మారింది. మా అమ్మ రెండు బస్సులు మారి, వాడిని చంకనేసుకుని అక్కడికి తీసుకెళ్లేది. చొక్కా గుండీలు పెట్టుకోవడం నేర్పించే పద్ధతిని ఆమె అక్కడే నేర్చుకుంది. పై గుండీ నుంచి మొదలుపెట్టకూడదు. అన్నీ మనమే పెట్టేసి, ఆఖరి గుండీని సగం దూర్చి వదిలేయాలి, పిల్లవాడు దాన్ని లాగి పూర్తి చేయాలి. అది వచ్చాక ఆఖరి రెండు వదలాలి, ఆ తర్వాత మూడు. పని పూర్తయిందన్న ఆనందం ప్రతిసారీ పిల్లవాడికే దక్కుతుంది కాబట్టి మర్నాడు మళ్లీ ఉత్సాహంగా కూర్చుంటాడు. వెడల్పాటి గుండీలున్న చొక్కాలు మా అమ్మ ప్రత్యేకంగా కుట్టించేది. ఐదు గుండీలకు పదకొండు నెలలు పట్టింది. ఆ రోజు మా ఇంట్లో పాయసం వండారు.

చిన్నతనంలో ఏదో ఒక ఆసరా దొరుకుతుంది. అంగన్‌వాడీలో గుర్తించేవారు ఉంటారు, మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి, నగరంలో స్పెషల్ స్కూళ్లు ఉన్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. 21 రకాల వైకల్యాలను గుర్తించిన ఆ చట్టం 40 శాతానికి తగ్గని వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది. బడికి వెళ్లినన్నాళ్లూ మా తమ్ముడికి ఒక వ్యాను, ఒక టిఫిన్ డబ్బా, పేరుపెట్టి పిలిచే టీచరమ్మ ఉండేవారు. పద్దెనిమిదేళ్లు నిండిన సంవత్సరం జూన్‌లో ఆ వ్యాను రాలేదు. చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, డబ్బా పట్టుకుని వాడు పది రోజులు గేటు దగ్గర నిలబడ్డాడు. అప్పటి నుంచి ఇరవై ఏళ్లకు పైగా గడిచాయి, ఆ వ్యానుకు బదులు మరొకటి మా వీధికి రాలేదు.

పింఛను వస్తోంది, కాదనను. వైకల్యం ఎంత శాతమో తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్ మీద 75 శాతం అని ఉంటుంది, అంటే మధ్యస్థ స్థాయి. తెలంగాణలో 2014లో నెలకు 1,500 రూపాయలుగా ఉన్న వికలాంగుల పింఛను 2019లో 3,016, 2023లో 4,016 అయింది. నిత్యావసరాల ధరలు చూస్తే ఇది ఇంకా పెరగాలనే అంటాను. కానీ ఆ డబ్బు ఎంత పెరిగినా వాడి పగటి పూటను నింపలేదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉందని, అందులో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటివాటన్నింటికీ కలిపి ఉందని చదువుకున్న బంధువులు చెబుతుంటారు. తక్కువ స్థాయి ఇబ్బంది ఉండి పరీక్ష రాయగలిగినవారికి అది వరమే. పదివరకు లెక్కపెట్టడానికి వేళ్లు చూసుకునే మనిషికి ఆ జీవో ఏం చేస్తుంది?

వాడికి అసలైన ఆసరా దొరికింది ప్రభుత్వ పథకంలో కాదు, మా వీధి చివరి కిరాణా కొట్టులో. అమ్మ పాత క్యాలెండరు కాగితం వెనక "కందిపప్పు అరకిలో, జీలకర్ర యాభై గ్రాములు" అని రాసిచ్చేది. వాడు ఆ చీటీ సేటు చేతికిచ్చి, కౌంటరు పక్కనున్న బియ్యం బస్తా మీద కూర్చునేవాడు. సేటు సరుకులు కట్టి, మిగిలిన చిల్లరను చీటీలోనే మడిచి, వాడి చొక్కా జేబులో పెట్టి, జేబు గుండీ తానే పెట్టేవాడు. ఐదు రూపాయల బిళ్ల పసుపుదని, పది రూపాయలది రెండు రంగులదని వాడికి నేర్పింది కూడా ఆయనే. నాలుగు పసుపు బిళ్లలకు ఒక పాల ప్యాకెట్ అన్న లెక్క వాడికి కచ్చితంగా వచ్చేది. దారిలో ఇద్దరు ముగ్గురు ఇల్లాళ్లు వాడి చేత కరివేపాకు, కొత్తిమీర తెప్పించుకునేవారు. రోజూ ఉదయం తొమ్మిది నుంచి పదకొండు వరకు వాడు బిజీ మనిషి. ఏమైనా అడిగితే "పనుంది" అనేవాడు.

ఆ కొట్టు మూతపడింది. సేటు వయసు మీద పడి ఊరికి వెళ్లిపోయాడు, ఆ మడిగెలో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. సరుకులన్నీ పది నిమిషాల్లో ఇంటి ముందుకే వస్తున్నాయి. నేనూ అలాగే తెప్పిస్తున్నాను, అందువల్ల ఎవరినీ అనలేను. బిళ్లల స్థానంలో ఫోన్‌తో చెల్లింపులు వచ్చాయి. వాడికి కనిపించని డబ్బు లెక్క వాడికి ఎలా నేర్పాలో మాకు తెలియడం లేదు. నగరానికి సౌకర్యంగా మారిన ప్రతిదీ వాడి చేతిలోని ఒక్కో పనిని తీసేసుకుంది. బోయినపల్లిలో నిపుణులు నేర్పింది ఎంత విలువైనదో, తెలిసిన వీధిలో తెలిసిన మనుషుల మధ్య రోజూ చేసే ఆ రెండు గంటల పని అంతే విలువైనదని అది పోయాకే నాకు అర్థమైంది.

ఇక తెలియని మనుషుల సంగతి. పాత ఇంటిని డెవలప్‌మెంట్‌కు ఇచ్చి, మేము అపార్టుమెంటులోకి మారాం. మా తమ్ముడు కింద పార్కింగ్‌లో వాచ్‌మన్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. కొన్నాళ్లకు పిల్లలు భయపడుతున్నారని అసోసియేషన్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. మీటింగ్‌లో ఒక పెద్దమనిషి, మంచి ఉద్యోగం చేసి రిటైరైనవారు, "ఎర్రగడ్డలో చూపించారా?" అని అడిగారు. ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే సాయం చేద్దామనే అడిగారు. హైదరాబాద్‌లో ఆ ఊరి పేరు ఒక తిట్టుగా మారిపోయి ఎన్నో ఏళ్లయింది. ఎర్రగడ్డ ఆసుపత్రి మానసిక అనారోగ్యానికి వైద్యం చేసే చోటు. మేధో వైకల్యం జబ్బు కాదు, మందుతో తగ్గేది అసలే కాదు. పుట్టుకతోనో ఎదిగే వయసులోనో నేర్చుకునే వేగం, తనపని తాను చేసుకునే శక్తి తక్కువగా ఏర్పడిన స్థితి అది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా దీనిని మానసిక అనారోగ్యం కిందికి రానివ్వలేదు. మా వాడి విషయంలో కారణం 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉండటం. అందుకే మూడో నెల 21వ తేదీని ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినోత్సవంగా పాటిస్తారు. మేనరికం వల్ల ఇలా పుట్టాడని మా అమ్మను అత్తింటివారు పదేళ్లు సాధించారు. మేనరికాల్లో కొన్ని జన్యులోపాలు వచ్చే అవకాశం పెరుగుతుందన్నది నిజమే, కానీ డౌన్ సిండ్రోమ్‌కు, ఆ సంబంధానికి లంకె లేదు.

ఆ మీటింగ్‌లో నేను ఇదంతా చెప్పాను. ఎవరూ పెద్దగా వినలేదు. చివరకు వాళ్లమ్మ పక్కన కూర్చున్న ఏడో తరగతి పాప లేచి, "బాల్ డ్రైనేజీలో పడితే తెచ్చేది ఆ అంకులే కదా, మేమెవ్వరం భయపడట్లేదు" అంది. కుర్చీ అక్కడే ఉండిపోయింది.

మా నాన్నగారు పోయినప్పుడు ఎదురైన ఇబ్బంది కూడా రాయాలి, ఎందుకంటే అది చాలా కుటుంబాలకు ముందుముందు ఎదురవుతుంది. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి తరఫున తల్లయినా సంతకం చేయడానికి చట్టం ఊరికే ఒప్పుకోదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారి కోసం 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. దాని ప్రకారం జిల్లా కలెక్టరు అధ్యక్షతన స్థానిక కమిటీ ఉంటుంది, గార్డియన్‌ను అదే నియమిస్తుంది. మేము ఆ సర్టిఫికెట్ తెచ్చుకుని ఒక బ్యాంకు శాఖకు వెళితే, కౌంటరులోని ఆఫీసరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కోర్టు నుంచి తెండి" అన్నారు. ఈ సర్టిఫికెట్‌ను ఆధారంగా తీసుకుని ఖాతా తెరవవచ్చని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు ఎప్పుడో చెప్పింది. ఆ కాగితం ప్రింటు తీసి పట్టుకెళ్లాక మూడోసారికి పని జరిగింది. ఆయన చెడ్డవారు కారు, అలాంటి సర్టిఫికెట్ ఆయన అంతకుముందు చూసి ఉండరు, అంతే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులు ఉంటే, వారిలో 15 లక్షలకు పైగా మేధో వైకల్యం ఉన్నవారు. మరి వాళ్లంతా బ్యాంకుల్లో, బస్సుల్లో, పార్కుల్లో ఎందుకు కనిపించరు? రైల్లో తోడు మనిషికి కూడా కలిపి స్లీపర్, థర్డ్ ఏసీలలో 75 శాతం రాయితీ ఉంది. ఆ రాయితీ సంగతి మా బంధువర్గంలోనే ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఇలాంటి పిల్లలున్న ఇళ్లవాళ్లు ప్రయాణాలు మానేసి చాలా కాలమైంది.

మా తమ్ముడు పుట్టినప్పుడు డాక్టరు మా అమ్మతో "ఇరవై, ఇరవై అయిదేళ్లు, అంతకుమించి ఆశ పెట్టుకోకండి" అన్నారట. ఆనాటికి అది అబద్ధమేమీ కాదు. 1980లలో అమెరికాలో కూడా డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి సగటు ఆయుర్దాయం 25 ఏళ్లే. గుండె ఆపరేషన్లు, మంచి వైద్యం అందుబాటులోకి వచ్చాక ఇప్పుడు అక్కడ అది 60కి చేరింది. మన దగ్గరా పెరుగుతోంది. సంతోషించాల్సిన విషయమే, కానీ దీని ఫలితం గురించి ఎవరూ ఆలోచించడం లేదు. తల్లిదండ్రులు పోయాక కూడా ఈ పిల్లలు బతికి ఉండే మొదటి తరం మాది. వీరికి వృద్ధాప్యం ముందే వస్తుంది. నలభైలు, యాభైలలోనే అల్జీమర్స్ లక్షణాలు కనిపించవచ్చు, థైరాయిడ్ ఎప్పటికప్పుడు చూపించుకుంటూ ఉండాలి. ఈమధ్య మా వాడికి చొక్కా గుండీలు తప్పుతున్నాయి. పై గుండీ కింది కాజాలోకి పోతోంది. డెబ్బై రెండేళ్ల అమ్మ మళ్లీ ఆఖరి గుండీ సగం దూర్చి వదులుతోంది. "నా తర్వాత వీడు" అని మొదలుపెట్టి ఆమె వాక్యం పూర్తి చేయదు. "నేనున్నాను కదా" అంటాను. కానీ నాకూ ఉద్యోగముంది, పిల్లలున్నారు, మోకాళ్ల నొప్పులున్నాయి.

నాకు తోచిన దారి చాలా చిన్నది. మా కాలనీలో మున్సిపల్ కమ్యూనిటీ హాలు ఉంది. కింద పెద్ద గది, రెండు బాత్‌రూములు, ఫ్యాన్లు, వెనక వంటగది. పుట్టినరోజులకు, సీమంతాలకు, ఎన్నికల పోలింగుకు తెరుస్తారు. పనిరోజుల్లో పగలంతా దానికి తాళమే. నగరంలో ఇలాంటి హాళ్లు ఎన్నో వార్డుల్లో ఉన్నాయి. వాటిని ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు వరకు, పద్దెనిమిదేళ్లు దాటిన మేధో వైకల్యం గలవారి కోసం తెరిచి ఉంచాలి. రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదైన ఒక స్పెషల్ ఎడ్యుకేటర్, ఒక ఆయా, స్థానిక మహిళా సంఘం నుంచి ఒకరు ఉంటే పది, పదిహేను మందిని చూసుకోవచ్చు. నడిచి వెళ్లగలిగే దూరం అన్నది ఇందులో అతి ముఖ్యం. నగరం అవతల కొసన ఎంత గొప్ప సంస్థ ఉన్నా, ట్రాఫిక్‌లో రానూపోనూ మూడు గంటలంటే డెబ్బై ఏళ్ల తల్లికి అది లేనట్టే లెక్క. నేషనల్ ట్రస్ట్‌కు డే కేర్ పథకం ఉన్నా, దానిని రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థలు నడపాలి. అద్దె కట్టి నడిపే సంస్థ ప్రతి కాలనీకి ఎక్కడి నుంచి వస్తుంది? అద్దె లేని హాలు ఇస్తే వచ్చేవారు ఉంటారు.

ఇది ఎక్కడా లేని ఊహ కాదు. కేరళలో స్థానిక సంస్థలు కుటుంబశ్రీ మహిళా సంఘాలతో కలిసి బడ్స్ పేరుతో ఇలాంటి కేంద్రాలు నడుపుతున్నాయి. మొదటిది 2004లో తిరువనంతపురం జిల్లా వెంగానూరు పంచాయతీలో మొదలైంది. పిల్లలకు బడ్స్ స్కూళ్లు, పద్దెనిమిది దాటినవారికి విడిగా పునరావాస కేంద్రాలు ఉన్నాయి. పంచాయతీ చేయగలిగిన పని మహానగరం చేయలేదా?

అక్కడ ఏం నేర్పాలన్న దాని మీద కూడా నాకొక అభిప్రాయం ఉంది. ఏ కేంద్రానికి వెళ్లినా కొవ్వొత్తులు, ప్రమిదలు, ఫినాయిలు, కాగితపు సంచులే కనిపిస్తాయి. దీపావళికి జాలిపడి నాలుగు కొంటాం, మళ్లీ దీపావళి దాకా మరచిపోతాం. అంతకంటే కాలనీకి నిజంగా పనికొచ్చే పని మేలు. మొక్కలకు నీళ్లు పెట్టడం, గుడి దగ్గర పూలు విడదీయడం, టిఫిన్ సెంటర్లో కొబ్బరి చిప్పలు సర్దడం, గ్రంథాలయంలో పత్రికలు కట్టలు కట్టడం వంటివి. వాటి వల్ల నలుగురికి వీళ్ల ముఖాలు తెలుస్తాయి. మూడేళ్ల కిందట నుమాయిష్ (నాంపల్లి ఎగ్జిబిషన్) జనంలో మా తమ్ముడు తప్పిపోయాడు. మైకులో పిలిస్తే పలకడం వాడికి రాదు. ఒకప్పుడు మా వీధిలో అద్దెకున్న మిర్చిబజ్జీల ఆయన వాడిని గుర్తుపట్టి తన స్టాల్ లోపల కూర్చోబెట్టాడు. చేతిమీద రాసిన ఫోన్ నంబరు అప్పటికే చెమటకు చెరిగిపోయింది.

వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచినప్పుడు తెలుగువాళ్లందరం పొంగిపోయాం. ఆమె పరిగెత్తింది టీ20 విభాగంలో, అది మేధో వైకల్యం గల క్రీడాకారులది. ఆ ఏడాది మే నెలలో కోబేలో ఆమె 55.07 సెకన్లలో ప్రపంచ రికార్డు కూడా పెట్టింది. చిన్నప్పుడు ఊళ్లో ఆమెను ఏమని ఎగతాళి చేసేవారో తల్లిదండ్రులే చెప్పుకున్నారు. ఆమె వేగాన్ని ముందుగా పట్టించుకున్నది బడిలో ఆటలు నేర్పే ఒక పీఈటీ. ఆమె వార్త చదువుతూ నేను పతకం కంటే ఆ పీఈటీ గురించే ఎక్కువగా ఆలోచించాను. మా తమ్ముడు పరుగెత్తడు, పతకం తేడు. వాడిని పట్టించుకోవడానికి ఏ కారణమూ దొరకదు. అలాంటివారే ఎక్కువ మంది.

సదరం క్యాంపు వరుసలో పరిచయమైన కుటుంబాలను కలుపుకుంటే, మా కాలనీకి కిలోమీటరు లోపే ఇలాంటివారు ఆరుగురు తేలారు. ఒకరు ఆటిజం ఉన్న ఇరవై నాలుగేళ్ల అబ్బాయి, అతని తల్లి ఉద్యోగం మానేసింది. మరొకరు ముప్పై ఏళ్ల అమ్మాయి, పదకొండేళ్లుగా పెళ్లిళ్లకు కూడా బయటికి తీసుకురాలేదు. ఆరు కుటుంబాలూ సంతకాలు చేసి, వారానికి మూడు రోజులు, రోజుకు మూడు గంటలు హాలు ఇప్పించమని రెండు నెలల కిందట దరఖాస్తు పెట్టాం. కరెంటు బిల్లు ఎవరు కడతారని అడిగారు, కడతామని రాసిచ్చాం. ఫంక్షన్లకు ఇబ్బంది అవుతుందన్నారు, ముహూర్తాలున్న రోజుల్లో రామని రాసిచ్చాం. పైవారిని అడిగి చెబుతామన్నారు, ఇంకా చెప్పలేదు.

మీ పత్రిక నగర పేజీలో ఈ ఒక్క ప్రశ్న వేయాలని కోరుతున్నాను. ఏ వార్డులో ఎన్ని కమ్యూనిటీ హాళ్లు ఉన్నాయి, వాటిని నెలకు ఎన్ని రోజులు తెరుస్తున్నారు, తాళాలు ఎవరి దగ్గర ఉంటున్నాయి? మా హాలు తాళంచెవి ఎదురుగా ఉన్న ఇస్త్రీ బండి ఆయన దగ్గర ఉంటుంది. మా తమ్ముడు రోజూ ఉదయం తొమ్మిదికి డబ్బా పట్టుకుని అక్కడికి వెళ్లి, ఆ బండి పక్కన నిలబడి వస్తున్నాడు.

ఇట్లు,
ఒక అక్క,
హైదరాబాద్